వీపున మూట, చెవిన పాట

పెద్ద సంచీ వీపుకి తగిలించుకుని పాటల ఊళ్లు చూడ బయల్దేరిన ఒంటరి యాత్రికుడికి విశాఖపట్నం స్టేషనే మొదటి పరీక్ష. విజయవాడ వైపునుంచి హౌరా పోయే రైళ్లకు ఇక్కడ ఇంజను ఒక కొసన విప్పి రెండో కొసన తగిలిస్తారు. దిగాల్సినవాడు కునుకు తీస్తే, కళ్లు తెరిచేసరికి రైలు వెనక్కి నడుస్తూ ఉంటుంది. ఇంటికి తిప్పి పంపేస్తున్నారేమోనని అనుమానం వస్తుంది.

మెలకువగా ఉండి దిగినవాడికి బయట ప్రశ్నపత్రం సిద్ధం. "ఏటి బాబూ, ఎక్కడికెల్లాలి?" అంటాడు ఆటో డ్రైవరు. సంగీతం వినడానికొచ్చానంటే, "ఎవరింట్లో పెళ్లి?" అని అడుగుతాడు. ఒక్కడివే వచ్చావా, ఇంట్లో చెప్పే వచ్చావా, టిఫిన్ చేశావా అన్నవి అనుబంధ ప్రశ్నలు. ఒంటరి ప్రయాణాల్లో దొరుకుతుందనే ఏకాంతం ఉత్తరాంధ్రలో ఈ టిఫిన్ దగ్గరే ముగిసిపోతుంది.

పగటిపూట ఊరు పనిలో ఉంటుంది. 1933లో తెరిచిన రేవు ఒక పక్క, గాజువాక అవతల ఉక్కు కర్మాగారం ఇంకో పక్క. షిఫ్టు బస్సులు, ఖనిజం మోసే గూడ్సులు, ఉండుండి ఓడ కూత. ఈ మోతలో శ్రుతి వెతకడం యాత్రికుల జబ్బు, ఊళ్లోవాళ్లకది అంటలేదు. అలాగని ఓడలకూ పాటకూ చుట్టరికం లేదనలేం. ఉత్తరాంధ్ర జానపద బాణీని ఊరూరా మోగించిన వంగపండు ప్రసాదరావు ఇక్కడి షిప్‌యార్డులో పనిచేసినవారే. శాస్త్రీయ సంగీతానికి మాత్రం కళాభారతి హాలుకి పోవాలి. కచేరీలేమో సాయంత్రాలు. పొద్దున్నే గేటు పట్టుకుని నిలబడ్డవాడికి దక్కేది వాచ్‌మన్ జాలి ఒక్కటే.

ఆ మధ్య గంటలు గడపడానికి తెలిసినవాళ్లు చూపే దారి విజయనగరం. 60 కిలోమీటర్ల లోపే. నిజానికి పాటల ఊరు అదే. విశాఖ దానికి సముద్రం ఉన్న పొరుగూరు. విజయరామ గజపతిరాజు అక్కడ 1919లో సంగీత కళాశాల పెట్టి, హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసును తొలి ప్రిన్సిపాల్‌ని చేశారు. విశాఖలో పెరిగిన ద్వారం వెంకటస్వామినాయుడు అందులో విద్యార్థిగా చేరదామని వెళితే, ఫిడేలు విన్నవాళ్లు ఆచార్యుడిగా వేసుకున్నారని చెబుతారు. ఫీజు కట్టబోయి జీతం తెచ్చుకోవడమంటే అదీ.

ఆ కళాశాల వరండాలో నిలబడితే ఒక చెవిన చిన్నపిల్లల సరళీస్వరాలు, రెండో చెవిన మృదంగం, నడినెత్తిన నట్టువాంగం. సెల్‌ఫోన్ పైకి లేచేలోగా "మీరెవరి తాలూకండీ?" అన్న ప్రశ్న వస్తుంది. ఎవరి తాలూకూ కాను, ఊరికే వచ్చానన్న జవాబు ఆ జిల్లాలో ఇంకా చెల్లుబాటులోకి రాలేదు.

ఒంటరి యాత్రికులందరికీ ఆదిపురుషుడు అనదగ్గవాడు ఈ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. కృష్ణా జిల్లా చౌటపల్లి కుర్రాడు ఘంటసాల వెంకటేశ్వరరావు వేలి ఉంగరం అమ్ముకుని వచ్చేసరికి కళాశాలకు వేసవి సెలవులు. ముందుగా కనుక్కుని రావాలన్న తెలివి సంగీతం పిచ్చి ఉన్నవాళ్లకు ఏ కాలంలోనూ లేదు. అప్పటికి ప్రిన్సిపాల్ అయిన ద్వారం ఆవరణలో తలదాచుకోనిచ్చారు. ఆ తర్వాత తోటివాళ్ల తప్పుకు నింద నెత్తినపడి, అదీ పోయి, గుడి పాలయ్యాడు. పట్రాయని సీతారామశాస్త్రి ఇంటికి తీసుకెళ్లి దమ్మిడీ తీసుకోకుండా పాఠం చెప్పారు. తిండికి మాత్రం జోలె కట్టుకుని మధుకరం. ఇప్పటి సంచీలో పవర్‌బ్యాంకు, గాలి ఊదుకునే దిండు, వాన తొడుగు, ఆ తొడుగు తడవకుండా ఇంకో తొడుగు ఉంటాయి. ఆ జోలెలో గుప్పెడు అన్నం. పాట విషయంలో మాత్రం ఈ బరువుల లెక్క తిరగబడింది.

సాయంత్రానికి విశాఖ చేరి, బీచిలో ముంత కింద పప్పు తినేసి కచేరీకి వెళ్లడం ఆనవాయితీ. మరమరాల్లో ఉల్లిపాయ ముక్కలు, కారం, నిమ్మరసం పోసి బండివాడు గరిటె ఆడించే వేగం చూస్తే, రాత్రి వినబోయే మృదంగం కాస్త నెమ్మదనిపిస్తుంది. హాల్లో సంచీ కూడా ఒక కుర్చీ ఆక్రమిస్తుంది. పక్కసీటు పెద్దాయన తొడమీద తాళం వేస్తూ, "ఏ రాగమో పట్టుకున్నారా?" అని అడుగుతారు. కల్యాణి అనేస్తే నాలుగింట ఒకసారి నెగ్గుకురావచ్చు. తని ఆవర్తనానికి సగం హాలు కాఫీకి లేస్తుంది. సంచీ తీసుకుని వరస దాటడం అసాధ్యం కాబట్టి యాత్రికుడు కదలడు. ముందు వరసలవాళ్లు దాన్ని రసికత అనుకుంటారు. మంగళం తర్వాత శాలువాలు, శాలువాల ముందు ఉపన్యాసాలు. అవి కూడా అయ్యేదాకా కూర్చున్న కొత్తముఖాన్ని ఏ సభ కార్యదర్శీ వదలడు. ఆజీవ సభ్యత్వం రసీదు పుస్తకం ఆయన జేబులోనే ఉంటుంది.