బయటినుంచి మద్దతు

కుక్కకు క్యాన్సరని తెలిసిన ఇంటికి ముందు ఏడుపు వస్తుంది. మర్నాటికి కొరియర్ వస్తుంది.

మా బావమరిది ఇంట్లో స్వీటీ అని తొమ్మిదేళ్ల లాబ్రడార్. దాని చనుకట్టులో గడ్డ తేలింది. చూసి వద్దామని వెళ్తే ఫ్రిజ్ మీద పదకొండు డబ్బాలు బొమ్మల కొలువులా తీరి ఉన్నాయి. పసుపు క్యాప్సూళ్లు, అశ్వగంధ పొడి, చేపనూనె, విటమిన్ సి, పుట్టగొడుగుల చూర్ణం. ఇంటిల్లిపాదీ కళ్లజోళ్లు పెట్టుకుని లేబుళ్లు చదువుతున్నారు. సివిల్స్‌కి చదివినా ఇంత శ్రద్ధ ఉండేది కాదు.

నేనూ చదివాను. ఒక్క డబ్బా కూడా క్యాన్సర్ తగ్గిస్తానని అనదు. అనకూడదు మరి. మనుషులకైనా పశువులకైనా క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటించుకోవడాన్ని మన దేశంలో 1954 నాటి చట్టమే నిషేధించింది. అందుకని అన్నీ 'రోగనిరోధక శక్తికి సపోర్ట్' ఇస్తాయి. అచ్చం ప్రభుత్వానికి బయటినుంచి మద్దతిచ్చే పార్టీ వ్యవహారం. పదవి తీసుకోదు, పూచీ పడదు. కుక్క కోలుకుంటే మా మద్దతు వల్లే, పోతే మేం ప్రభుత్వంలో లేం.

పుట్టగొడుగుల డబ్బా మీద మాత్రం సైన్సు కూడా ఉంది. టర్కీ టెయిల్ అనే పుట్టగొడుగు సారాన్ని 2012లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు ప్లీహంలో క్యాన్సరున్న 15 కుక్కలకిచ్చి చూశారు. ఎక్కువ మోతాదు తిన్నవి అనుకున్నదానికన్నా ఎక్కువ కాలం బతికాయి. అయితే మందు ఇవ్వకుండా పక్కన పెట్టి పోల్చిన కుక్కలంటూ లేవు. అదే విశ్వవిద్యాలయం 2022లో 101 కుక్కల ఫలితం ప్రకటించింది. మామూలు కీమో మందును మించి ఈ చూర్ణం ఒరగబెట్టిందేమీ కనబడలేదు. ఆ 15 కుక్కలూ ఇప్పటికీ డబ్బాల మీద తోకలూపుతున్నాయి. ఈ 101 మాత్రం ఎక్కడా మొరగవు. పైగా స్వీటీకి వచ్చింది ప్లీహంలో కాదు.

విటమిన్ సి సంగతి మరీ విడ్డూరం. కుక్క దాన్ని తన కాలేయంలో తానే తయారు చేసుకుంటుంది. కొనుక్కుతినే ఖర్మ మనిషిది. ఇక పసుపును అంటే పెద్దలకు కోపమొస్తుంది గానీ, మింగిన కర్క్యుమిన్‌లో ఒంటికి పట్టేది బహు కొంచెం, మిగతాదంతా పొద్దున పార్కులో కనబడుతుంది. చేపనూనెకు కాస్త మర్యాద ఇవ్వొచ్చు. చిక్కిపోతున్న కుక్కకు డాక్టరు కొలత చెప్పి ఇస్తే అర్థముంది. వీళ్లు గరిటెతో పోస్తున్నారు. పెద్దత్తగారైతే రోజూ నాలుగు వెల్లుల్లి రెబ్బలు పెట్టమన్నారట. వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను పగలగొడుతుందని చెబితే, 'మేం తినడంలా?' అన్నారు. ఆవిడ కుక్క కాదని చెప్పే ధైర్యం నాకు లేదు.

ఎనిమిదేళ్ల కిందట ఇదే హాల్లో ఇంకో చర్చ జరిగింది. మొదటి ఎదకు ముందే కు.ని. ఆపరేషన్ చేయించమన్నారు డాక్టరు. అలా చేయించిన ఆడకుక్కకు రొమ్ము క్యాన్సర్ ముప్పు, చేయించనిదానితో పోలిస్తే 0.5 శాతమేనని 1969లోనే ఒక అమెరికా అధ్యయనం లెక్కగట్టింది. ఆ అంకె మీద తర్వాత తగువులాడినవాళ్లు లేకపోలేదు. మావాళ్లు అంకె దాకా వెళ్లనేలేదు. 'ఒక్క కాన్పయినా కానివ్వాలి పాపం' అనేశారు. ఆ ఒక్క కాన్పూ కాలేదు. పోయినేడు చనుకట్టులో రేగ్గాయంత గడ్డ చేతికి తగిలితే కొవ్వు అనుకున్నారు. ఇప్పుడది నిమ్మకాయంత.

"ఇంతకీ డాక్టరుగారు ఏమన్నార్రా?"

"ఛాతీ ఎక్స్‌రే తీసి, ఆపరేషన్ చేసి, ముక్క పరీక్షకు పంపుదామన్నారు బావా. ఈ వయసులో మత్తిచ్చి కోయించడమంటే... ఆలోచిస్తున్నాం."

"ఎన్నాళ్ల నుంచి?"

"నెలన్నర."

ఇంతలో మా చెల్లెమ్మ ఉడికించిన గుడ్డులో మూడు క్యాప్సూళ్లు దూర్చి తెచ్చింది. స్వీటీ గుడ్డంతా తినేసి, మూడింటినీ తడి కూడా ఆరకముందే నేల మీద వరసగా పెట్టి, నాలిక చప్పరించుకుంటూ చెల్లెమ్మ మొహంలోకి చూసింది.

బావమరిది వంగి, ఒక క్యాప్సూల్ తీసి వెలుతురులో పెట్టి చూశాడు.

"బ్రాండ్ మార్చాలంటావా బావా?"