అసలు రూపాయి నలభై, కొసరు ముప్ఫై ఒకటిన్నర

మహారాజశ్రీ కేంద్ర ఆర్థిక శాఖ వారి దివ్య సముఖమునకు,

బెజవాడలో ఐదు లీటర్ల ట్యాంకున్న స్కూటరు ఆసామి నమస్కరించి రాసుకున్న విన్నపం. ఉభయకుశలోపరి. ఉభయులంటే తమరూ, మా రాష్ట్రమూ. నేను ఆ లెక్కలో లేను.

మా సందులో కూరగాయలమ్మే ఆవిడ కిలో వంకాయలు తూచాక నాలుగు కరివేపాకు రెబ్బలు పైన వేస్తుంది. దాన్ని కొసరంటాం. కొసరంటే అమ్మేవాళ్లు ఇచ్చేదనీ, అసలు కంటే చిన్నదనీ ఇన్నాళ్లూ అనుకున్నాను. తమరి పెట్రోలు లెక్క చదివాక ఆ అజ్ఞానం వదిలింది.

2021 వేసవి మాట. లీటరు పెట్రోలు మీద తమరి ఎక్సైజు 32 రూపాయల 90 పైసలు. అందులో అసలు సుంకం 1 రూపాయి 40 పైసలు. మిగతాదంతా కొసరే: ప్రత్యేక అదనపు సుంకమని 11, రోడ్ల సెస్సని 18, వ్యవసాయ సెస్సని రెండున్నర. సెస్సులూ సర్‌ఛార్జీలూ పంపకానికి రావని 2000లో 80వ సవరణ రాజ్యాంగంలోనే రాసిపెట్టింది గనక, రాష్ట్రాలతో పంచుకునే కుండలో పడింది ఆ రూపాయి నలభై పైసలే. అందులో రాష్ట్రాలన్నిటికీ కలిపి 41 శాతం, అంటే 57 పైసల చిల్లర. ఆ చిల్లరలో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం. కాగితం మీద ఒకసారి, ఫోన్లో ఒకసారి వేసి చూశాను. లీటరుకు 2.3 పైసలు. హైదరాబాదులో ఉన్న మా బావమరిది ఇంకా చిన్నబుచ్చుకున్నాడు. తెలంగాణకు 2.102 శాతమే కాబట్టి వాళ్లది 1.2 పైసలు.

ఉమ్మడి కుటుంబాల్లో కొందరు పెద్దన్నగార్లుంటారు. పంపకాల రోజున ధర్మరాజులా కూర్చుని గింజ గింజా పంచుతారు, పెరట్లో ఉన్న పెద్ద గాదె దగ్గరకొచ్చేసరికి మాత్రం అది నా స్వార్జితం అంటారు. 2015లో 14వ ఆర్థిక సంఘం రాష్ట్రాల వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచింది. అధ్యక్షుడు వై.వి. రెడ్డి మనవాడే కదా అని మేమిక్కడ మురిశాం కూడా. పెరట్లో గాదె మాత్రం పెరుగుతూనే వచ్చింది. 2011-12లో తమరి మొత్తం పన్ను రాబడిలో దాదాపు పదో వంతున్న సెస్సులూ సర్‌ఛార్జీలూ 2020-21కల్లా ఇంచుమించు ఐదో వంతయ్యాయి.

ఆ సొమ్ముతో వేసే రోడ్లు రాష్ట్రాల్లోనే కదా ఉన్నాయంటారు తమరు. నిజమే, ఆకాశంలో వేయరు. అయితే ఏ రోడ్డు, ఏ జిల్లా, ఏ ఏడు అన్నది ఢిల్లీలో తేలుతుంది. పథకమైతే 40 శాతం మీరు వేసుకోండని కబురు కూడా వస్తుంది. అప్పటికి వాటా కాస్తా వరమైపోతుంది. వరానికి తపస్సు చేయాలి. మా ముఖ్యమంత్రులు శాలువా, వెంకన్న ప్రతిమ పట్టుకుని విమానమెక్కి చేసేది అదే. పార్టీలు మారాయి గానీ శాలువా మారలేదు. పోనీ, ఏ పేరు చెప్పి వసూలు చేశారో ఆ పనికైనా సొమ్ము చేరుతోందా? 2018-19లో సెస్సులూ ఇతర లెవీల కింద వచ్చిన సుమారు 2.74 లక్షల కోట్లలో నిర్దేశించిన నిధులకు చేరింది 1.64 లక్షల కోట్లేనని తమరి కాగే లెక్క తేల్చింది.

మా రాష్ట్రం తక్కువ తిన్నదనుకోకండి. తమరి సుంకం కలిసిన ధర మీద 31 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్ల సెస్సని ఇంకో రూపాయి. పెద్దలను చూసి పిల్లలు నేర్చుకోరూ?

విన్నపం ఒక్కటే. ప్రతి సెస్సుకూ పుట్టిన రోజుతో పాటు గడువు తేదీ కూడా రాయించండి. గడువు దాటాక ఆ సొమ్ము ఉమ్మడి కుండలో వేయండి.

చిత్తగించవలెను.

మళ్లీ ఒక మాట: 25 పైసలు, అంతకు చిన్న నాణేలు 2011 జూన్ 30తో చెల్లకుండా పోయాయి. కాబట్టి 2021 లెక్క ప్రకారం నా పెట్రోలు వాటాగా మా రాష్ట్రానికి చెల్లుబాటయ్యే ఒక అర్ధరూపాయి బిళ్ల అందాలంటే నేను ఇరవై ఒకటిన్నర లీటర్లు కొట్టించాలి. స్కూటరు ట్యాంకు నాలుగుసార్లు నింపాను. ఐదోసారికి జీతం రావాలి.