ఈ యాప్ మీ పీసీలో నడవదు: సటీకా తాత్పర్యము

మూలము

ఈ యాప్ మీ పీసీలో నడవదు. మీ పీసీకి సరిపడు కూర్పు కొఱకు సాఫ్ట్‌వేర్ ప్రచురణకర్తను సంప్రదింపుడు.

అవతారిక

ఇంటి జమాఖర్చులను ఏళ్ల తరబడి ఒకే సాఫ్ట్‌వేరులో రాసుకుంటూ వచ్చిన ఒకానొక గృహస్థు, పాత కంప్యూటరు కాలధర్మం చెందగా కొత్తది కొని, అందులో ఆ సాఫ్ట్‌వేరును పునఃప్రతిష్ఠ చేయబోయిన సమయాన నీలివర్ణపు పలకపై వెలువడిన అశరీరవాణి ఇది. కవి పేరు లేదు. చెప్పినవాడి పక్షాన శాంతరసం, చదివినవాడి పక్షాన రౌద్రం.

సంప్రదాయాన్ననుసరించి విషయ ప్రయోజన సంబంధాధికారులను చెప్పాలి. విషయం: కూడిక, తీసివేత. ప్రయోజనం: నెలాఖరున బ్యాంకు చెప్పే నిలవా, మనం రాసుకున్న నిలవా ఒకటేనని తేల్చుకుని నిద్రపోవడం. సంబంధం: తెగిపోయింది. అధికారి: పాలవాడి బాకీ మొదలు పీపీఎఫ్ దాకా ప్రతి పద్దూ స్వహస్తాలతో ఎక్కించినవాడు. ఎస్సెమ్మెస్సులు చదివి తనంతట తానే లెక్క కట్టే ఫోను గలవారు ఈ శాస్త్రానికి అనధికారులు. వారు ఇక్కడే లేచి వెళ్లవచ్చు.

టీక

‘ఈ’, ‘యాప్’, ‘మీ’ అన్న పదాలు సుబోధం కనుక వదిలేస్తున్నాను. ‘పీసీ’ నిజంగా ‘మీ’దేనా అన్నది పెద్ద చర్చ, మరో గ్రంథానికి సరిపోతుంది.

నడవదు: ఈ క్రియ ఒక్క సందర్భంలో పచ్చి నిజం. 1990ల నాటి సాఫ్ట్‌వేర్లలో కొన్ని తాము 32 బిట్లవే అయినా, వాటిని కంప్యూటరులోకి దించే సెటప్ 16 బిట్లదిగా ఉండేది. 64 బిట్ల విండోస్‌కు 16 బిట్ల భాష రాదు. విండోస్ 11 అయితే కేవలం 64 బిట్లలోనే అవతరించింది. అనగా గర్భగుడిలో కూర్చోవలసిన మూర్తి నిక్షేపంగా ఉంది, ముందు నడవవలసిన ద్వారపాలకుడికే ప్రవేశం లేదు. పాత యంత్రం ఇంకా కొనఊపిరితో ఉంటే, అందులోని ఫోల్డరును ఉన్నదున్నట్టు ఎత్తి కొత్తదాంట్లో పెడితే కొన్ని మారుమాట్లాడకుండా నడుస్తాయి. నడవనివాటికి పరకాయప్రవేశమే గతి: కొత్త యంత్రం కడుపులో ఒక వర్చువల్ యంత్రాన్ని కల్పించి, అందులో విండోస్ ఎక్స్‌పీని మేల్కొలిపి, ఆ దేహంలో లెక్కలు చూసుకోవడం. అయితే ఎక్స్‌పీకి క్రమం తప్పని భద్రతా సవరణలు 2014 ఏప్రిల్‌లోనే ఆగిపోయాయి కనుక ఆ దేహానికి ఇంటర్నెట్టు గాలి సోకనివ్వరాదు.

తక్కిన సందర్భాల్లో ‘నడవదు’ అంటే ‘నడిపించే ఓపిక మాకు లేదు’ అని గ్రహించాలి.

ఇక్కడొక పాఠాంతరం కనిపిస్తుంది: “ఈ ప్రోగ్రామునకు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 గానీ, తదుత్తరమైనది గానీ ఆవశ్యకము.” ఎదురుగా 11 ఉన్నా సరే, 6 కావాలని మారాం. ఇది సంఖ్యాశాస్త్ర విశేషం. కూర్పు సంఖ్యలో మొదటి అంకె ఒక్కటే చదివే అలవాటు పాత ప్రోగ్రాములకు ఉంది. వాటి లెక్కలో పది అంటే ఒకటి, పదకొండన్నా ఒకటే. ఈ అలవాటుకు భయపడే ఒపెరా బ్రౌజరు పదో కూర్పు విడుదలైనప్పుడు తనను తాను వెబ్‌సైట్లకు 9.80 అని పరిచయం చేసుకుంది. ఎక్స్‌ప్లోరర్ కూడా రిజిస్ట్రీలో వెర్షన్ అన్న గదిలో 10వ కూర్పును 9.10 అనీ, 11వ కూర్పును 9.11 అనీ రాసి, అసలు వయసును పక్క గదిలో దాచుకుంది. విండోస్ మాత్రం తక్కువదా? 8.1 మొదలుకొని, తనను ఎరగని ప్రోగ్రాము ఏదైనా వచ్చి “తమరి సంఖ్య ఎంత?” అనడిగితే 6.2 అని చెబుతుంది. అది విండోస్ 8 సంఖ్య. మౌసు కుడి మీట నొక్కితే వచ్చే ప్రాపర్టీసులో ‘కంపాటిబిలిటీ’ అన్న పలక ఉంటుంది. అక్కడ ‘విండోస్ ఎక్స్‌పీ, సర్వీస్ ప్యాక్ 3’ అని ఎంచుకుంటే మరీ వెనక్కి పోయి, తాను ఎక్స్‌పీనే అని ప్రమాణం చేస్తుంది.

ఇన్ని అబద్ధాల మీద ఆధారపడి లెక్కలు రాసుకోవచ్చునా అని ధర్మసందేహం. పోతన భాగవతం అష్టమ స్కంధంలో శుక్రాచార్యుడు బలి చక్రవర్తికి బొంకదగిన సందర్భాలు ఏకరువు పెట్టాడు గదా. ఆడవాళ్ల విషయం, పెళ్లిళ్లు, ప్రాణగండం, మానభంగం, వీటి నడుమ విత్తభంగాన్ని కూడా చేర్చాడు ఆ మహానుభావుడు. ధనానికి హాని కలిగేవేళ ఆడిన అబద్ధం పాపం కాదు. మన ప్రస్తుత విషయమే విత్తం! కనుక జమాఖర్చుల సాఫ్ట్‌వేరుతో “నేను ఎక్స్‌పీని” అని కంప్యూటరు చేత అనిపించడం శుక్రనీతి సమ్మతం. ఆ మాట వినని బలి ఏమయ్యాడో అందరికీ తెలుసు. మూడడుగులు ఇచ్చి మొత్తం పోగొట్టుకున్నాడు. ట్రయల్ వెర్షన్‌కు సరేనన్నవారూ అంతే.

సంప్రదింపుడు, ప్రచురణకర్తను: వాక్యానికి ఇదే ఆయువుపట్టు. మైక్రోసాఫ్ట్ మనీ అనే లెక్కల సాఫ్ట్‌వేరునే ఉదాహరణగా తీసుకుందాం. 1991లో పుట్టింది. 2009లో అమ్మకాలు ఆపేశారు. 2011 జనవరి నాటికి ఆన్‌లైన్ సేవలూ ముగిశాయి. ఇలాంటి గ్రంథం తాలూకు పాత ప్రతి విషయంలో పై ఆకాశవాణి వినిపించిందనుకోండి. చెబుతున్నది విండోస్. వెళ్లి అడగమంటున్నది విండోస్ తయారుచేసినవారినే. వక్తా, ఉద్దిష్టుడూ ఒకరే అయినప్పుడు ఆలంకారికులు దీన్ని ఆత్మగతం అంటారు. గృహస్థు మధ్యలో నిలబడి వింటాడు.

న్యాయం చెప్పాలంటే వారొక మంచిపని చేశారు. పోతూ పోతూ, యాక్టివేషన్ అక్కర్లేని ‘సన్‌సెట్’ కూర్పును ఉచితంగా ఇచ్చి పోయారు. అస్తమయం పేరు పెట్టుకున్న ఆ కూర్పును ఇప్పటి విండోస్ మీద కూడా నడుపుకునేవారున్నారు. ఆ యాక్టివేషన్ అన్న మాట దగ్గర ఆగి, లేఖకుల సంగతి కొంచెం చెప్పాలి.

మన పూర్వులకు ఈ బాధ కొత్త కాదు. తాటాకు మన ఉక్కకూ చెదలకూ కొన్ని వందల ఏళ్లకు మించి ఆగదు. కనుక ఏ కావ్యం బతకాలన్నా తరానికొకడు కూర్చుని, గంటంతో మళ్లీ గీయాలి, గీసిన గాట్లలో మసి నింపాలి, చిల్లి పొడిచి తాడు కట్టాలి. ఈ పని చేసినవాడు చివరి ఆకు మీద తన గోడు కూడా వెళ్లబోసుకునేవాడు. నడుము విరిగింది, మెడ పట్టేసింది, తల వంచి వంచి ఇంత కష్టపడి రాశాను, జాగ్రత్తగా చూసుకోండి అని ఒకడు. ఎలా చూశానో అలాగే రాశాను, తప్పుంటే నన్ననకండి అని ఇంకొకడు. నేటి లైసెన్సు ఒప్పందాల్లో ‘ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం, ఏ హామీ లేదు’ అని పేజీలకు పేజీలు రాసేది ఇదే. లేఖకుడికి ఒక్క శ్లోకం సరిపోయింది, పైగా వాడు క్షమాపణ అడిగినట్టు ఉంటుంది. మరో శ్లోకంలో పుస్తకమే మాట్లాడుతుంది: నూనె నుంచి కాపాడు, నీళ్ల నుంచి కాపాడు, కట్టు వదులు కానీయకు, మూర్ఖుడి చేతికి ఇవ్వకు అని. బ్యాకప్ గురించి ఇంతకంటే బాగా చెప్పిన గ్రంథం నాకు తారసపడలేదు.

కావ్యాల మాట అలా ఉంచండి, లెక్కలకు వేరే సామగ్రి ఉండేది. కరణాల కవిలెకట్టలు తాటాకులే. వర్తకులకు కడితాలుండేవి. గుడ్డకు చింతగింజల జిగురు, బొగ్గుపొడి పట్టించి, మడతలుగా మడిచి, బలపంతో పద్దులు రాసేవారు. పాడైతే ఇంకో కడితం మీదికి ఎక్కించుకునేవారు. ఎక్కించడానికి మొదటి లేఖకుడి అనుమతి అక్కర్లేదు. అతడి వారసుల దగ్గరికి పోయి ఇరవై అయిదు అక్షరాల మంత్రం తెచ్చుకుని కడితం చెవిలో చెప్పనక్కర్లేదు. అతడి దుకాణం మూతపడితే కడితం మీద అక్షరాలు కనబడడం మానేయలేదు!

లేఖకుల తర్వాత వ్యాఖ్యాతల సంగతి. మల్లినాథసూరి మెదక్ జిల్లా కొలిచారం వాడు. కాళిదాసు వాక్కు చెడ్డ వ్యాఖ్యానాల విషం తలకెక్కి మూర్ఛపోయిందనీ, దాన్ని లేపడానికి తాను రాసే వ్యాఖ్య సంజీవని అనీ చెప్పుకున్నాడు. మూర్ఛపోయిన సాఫ్ట్‌వేర్లకు అనధికారంగా ప్యాచీలు రాసి పంచిపెట్టే అజ్ఞాత వ్యక్తులను నేను ఆయన శిష్యకోటిలోనే లెక్కిస్తాను. ఇక వ్యాఖ్యను చదివి చెప్పేవాడే పోతే ఏమవుతుందో చూడాలంటే ఆ పాత ప్రోగ్రాములో ఎఫ్1 నొక్కండి. పాత సహాయ గ్రంథాలు ‘హెచ్‌ఎల్‌పీ’ జాతివి. వాటిని చదివే విన్‌హెల్ప్ అనే పండితుణ్ణి విండోస్ విస్టా కాలం నుంచే ఇంట్లోంచి పంపేశారు. 8.1 వరకు విడిగా పిలిపించుకునే వీలుండేది. విండోస్ 10కి అదీ లేదు. గ్రంథం ఉంది, టీక ఉంది, చదివి చెప్పేవాడు లేడు. నా వృత్తిధర్మం కొద్దీ నాకు అన్నిటికంటే ఇదే ఎక్కువ బాధ.

పూర్వపక్షము

న్యూజెర్సీలో ఉండే మా మేనల్లుడు పూర్వపక్షి. “మామయ్యా, ఇంకా ఆ పాతదేనా? ఏడాదికింతని కడితే అంతా క్లౌడ్‌లో ఉంటుంది, ఎక్కడినుంచైనా చూసుకోవచ్చు” అంటాడు. నా లెక్కలు నేను వంటింటి పక్క గదిలోంచి తప్ప ఎక్కణ్ణించీ చూడనురా అంటే నవ్వుతాడు.

సమాధానం. మింట్ అని క్లౌడ్‌లోనే పుట్టి పెరిగిన లెక్కల సేవ ఒకటుండేది. 2007లో మొదలైంది. 2009లో, అంటే మనీని ఆపేసిన ఏడాదే, ఇన్‌ట్యూట్ దాన్ని కొన్నది. 2024 మార్చిలో మూసేసింది. మూసేముందు పద్దులు దింపుకున్నవాళ్లకు పద్దులు మిగిలాయి. సాఫ్ట్‌వేరు మాత్రం ఎవరికీ మిగల్లేదు, ఎందుకంటే అది ఎవరి దగ్గరా లేదు. కంపాటిబిలిటీ పలక తెరిచి అబద్ధం ఆడిద్దామన్నా, వర్చువల్ యంత్రంలో ప్రాణం పోద్దామన్నా శవం కూడా లేదు. 2009లోనే వదిలేసిన మనీ ఇప్పటికీ కొందరి ఇళ్లలో నిలవలు చూపిస్తోంది. ఏది పాతదో, ఏది పోయిందో మేనల్లుడే చెప్పాలి.

ఇంకా ఒక మాట, టీకగా కాక మామూలుగానే చెబుతాను. కూడికకు గడువు తేదీ ఉండదు. మా నాన్న చిట్టాలో 40 రూపాయల బియ్యం పద్దు ఇవాళ తెరిచినా 40 రూపాయలే. నా లెక్క నేను చూసుకోవడానికి ఏటా అద్దె కట్టాలా? కట్టడం మానేసిన మర్నాడు నా పద్దులు నేను దిద్దుకోవచ్చో లేదో ఇంకొకరు తేలుస్తారా? దీనికి ‘అనుభవాన్ని మెరుగుపరచడం’ అని పేరు పెడితే మరీ ఒళ్లు మండుతుంది.

తాత్పర్యము

ఓ గృహస్థా! నడవదన్నంతనే నమ్మకు. నడిచినా నమ్మకు.

రెండోది వివరించాలి. పాత ప్రోగ్రాము తన లెక్కల ఫైలును ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డరులోనే రాసుకునే అలవాటున్నదైతే, విస్టా నుంచి విండోస్ దాన్ని అక్కడ రాయనివ్వదు. వద్దని చెప్పదు కూడా. రాసినట్టే నమ్మించి, వర్చువల్‌స్టోర్ అనే మరో చోట గుట్టుగా రాసి పెడుతుంది. ప్రోగ్రాము అక్కడే ఉందనుకుంటుంది, మీరూ అక్కడే ఉందనుకుంటారు, పెన్‌డ్రైవులోకి ఆ ఫోల్డరే ఎత్తుకుంటారు. అందులో ఉన్నది ఎప్పటిదో పాత ఫైలు. శంకరులు అధ్యాస అన్నది దీన్నే. తాడు పాముగా కనిపిస్తే కనీసం భయం వేస్తుంది, ఇక్కడ నిశ్చింతగా ఉంటుంది. కాబట్టి లెక్కల ఫైలును ముందు డాక్యుమెంట్సులోకి మార్చి, ప్రోగ్రాముకు అదే చోటు చూపించాలి.

ప్రోగ్రాము నడుస్తున్న రోజుల్లోనే పద్దులన్నీ క్యూఐఎఫ్‌గా దింపి పెట్టుకోవాలి. అది మామూలు అక్షరాల ఫైలు. వరుసకొక సంగతి ఉంటుంది: డి అంటే తేదీ, టి అంటే మొత్తం, పి అంటే ఎవరికి, గొడుగు గుర్తుతో (^) పద్దు ముగుస్తుంది. ఏ సాఫ్ట్‌వేరూ లేకపోయినా కళ్లతో చదువుకోవచ్చు. గ్నూక్యాష్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరులోకి ఎక్కించుకోవచ్చు. కానీ తేదీలో ముందొచ్చేది రోజా, నెలా అన్నది ఆ ఫైలు చెప్పదు. మార్చి 4న కట్టిన బీమా ప్రీమియం అమెరికా లెక్కన ఏప్రిల్ 3కి జరిగిపోతుంది. మనకు మధ్యలో ఆర్థిక సంవత్సరమే మారిపోతుంది, నిలవ మాత్రం పైసాతో సహా సరిపోయి కూర్చుంటుంది. అంచేత ఎక్కించేటప్పుడు 25వ తేదీ పద్దు ఒకటి వెతికి పట్టుకుని, అది ఎక్కడ పడిందో చూశాకే తక్కినవాటిని నమ్మాలి.