విశ్వాసం నాది, బరువు ఆమెది

దేవుడు తన పిల్లల్ని పోషిస్తాడని నేను నమ్ముతాను. సండేస్కూల్లో కూర్చున్న రోజుల్లో నమ్మాను, మనవల్ని ఒళ్లో కూర్చోబెట్టుకునే ఈ వయసులోనూ నమ్ముతున్నాను. అయితే మధ్యలో కొన్నేళ్లు ఆ నమ్మకం పేరుతో నేను బతికిన తీరు వట్టి మూర్ఖత్వం. దాని ఖరీదు నేనే చెల్లించి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. నా భార్య చెల్లించింది, నా కూతురు చెల్లించింది. ఇది రాయడానికి కారణం అదే.

మాది నర్సాపురం దగ్గర పల్లె. పాలకొల్లులో ఒక రైసుమిల్లులో గుమస్తాగా పనిచేసేవాణ్ని. జీతం పెద్దది కాదు గానీ నెలనెలా చేతికొచ్చేది. ఒక ఏడాది సువార్త సభల్లో ప్రసంగీకుడొకాయన, జీతం మీద ఆధారపడేవాడు దేవుడి మీద ఆధారపడలేడని గట్టిగా చెప్పారు. సేవ చెయ్యాలన్న కోరిక నాలో అప్పటికే ఉంది. ఇంట్లో ఒక్క మాట అనుకోకుండా ఉద్యోగం మానేసి వచ్చి, ఇకనుంచి మనది విశ్వాస జీవితం అని మా ఆవిడతో చెప్పాను.

"పిల్ల చదువు ఎలాగండీ?" అని అడిగింది.

"నీకు విశ్వాసం తక్కువ" అన్నాను. ఆమె మళ్లీ ఆ ప్రశ్న ఎత్తలేదు. ఆ మౌనాన్ని నేను ఒప్పుకోలు అనుకున్నాను.

మా ప్రాంతంలో విశ్వాస జీవితం అన్న మాటకు పెద్ద చరిత్రే ఉంది. 1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి ఓడెక్కిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు తర్వాత నర్సాపురంలో స్థిరపడి గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశారు. వాళ్లకు నెల జీతం పంపే సంస్థ ఏదీ వెనక లేదు. గ్రోవ్స్ చెల్లెల్ని పెళ్లాడిన జార్జ్ ముల్లర్ బ్రిస్టల్‌లో అనాథాశ్రమాలు కట్టి, ఏ మనిషినీ చందా అడగకుండా, ప్రార్థన మీదే ఆనుకుని, పదివేల మందికి పైగా పిల్లల్ని సాకాడు. 1950లో హైదరాబాదులో హెబ్రోను సంఘాన్ని ప్రారంభించిన భక్తసింగ్ గారిదీ ఆ దారే. ఈ పేర్లన్నీ నాకు కంఠతా వచ్చు. వాళ్ల వరసలోకి నేనూ చేరాననుకున్నాను.

నిజమే, ఇంట్లో పొయ్యి ఏ పూటా ఆరలేదు. బియ్యం అయిపోయే వేళకు బియ్యం వచ్చేవి. కరెంటు బిల్లు గడువు దాటక ముందే డబ్బు సమకూడేది. ఆదివారం ఆరాధనలో లేచి, నేను ఎవరినీ చెయ్యి చాపి అడగలేదు, దేవుడే పంపాడు అని సాక్ష్యం చెప్పేవాణ్ని. సంఘమంతా స్తోత్రం అనేది. ఆడవాళ్ల వైపు, చాపమీద వెనక వరసలో, మా ఆవిడ తల వంచుకుని కూర్చునేది.

నర్సాపురం చుట్టుపక్కల ఊళ్లలో లేసు అల్లిక తెలియని ఇల్లు తక్కువ. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని అది. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, అల్లిన ముక్కలు తీసుకుని కూలి లెక్క కడతాడు. పువ్వులు అల్లితే చేతిపని, వాటిని కలిపితే అతుకుపని. నడుము వంచి, కళ్లు చికిలించి, గంటలకొద్దీ కూర్చుంటే వచ్చేది కొద్దిపాటి డబ్బు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ ఆడవాళ్ల మధ్య తిరిగి పరిశోధన చేసి 1982లో ఒక పుస్తకం తెచ్చింది. వాళ్లు విదేశాలకు ఎగుమతయ్యే సరుకు తయారుచేస్తున్నా, అది పనే కాదన్నట్టు, ఇంటి ఇల్లాలి తీరిక వేళ కాలక్షేపం అన్నట్టు లోకం చూస్తోందని అందులో రాసింది. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అల్లే చేతులకు మాత్రం ఆ రోజుల్లో నా ఇంట్లోనే గుర్తింపు లేదు.

మా ఆవిడ రాత్రిళ్లు అల్లుతుండడం నేను చూస్తూనే ఉన్నాను. నేను మోకాళ్లూని ప్రార్థన చేసే గదిలోనే, అదే దీపం కింద, ఆమె చేతిలో క్రోషా సూది ఆడుతూ ఉండేది. ఎవరైనా అడిగితే, ఖాళీగా ఉండలేక ఏదో అల్లుకుంటుందండీ అనేవాణ్ని. బియ్యానికీ ఆ సూదికీ సంబంధం ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. రానివ్వలేదు అనడం ఇంకా నిజం.

దానికి మించిన తప్పు ఇంకొకటి చేశాను. కూతురి ఇంటర్ ఫీజు కోసం ఆమె కూడబెట్టిన డబ్బు బీరువాలో ఉంది. ఒక కూటంలో, ఉన్నది విత్తితే దేవుడు నూరంతలుగా ఇస్తాడని పిలుపు ఇచ్చారు. ఆ డబ్బు తీసుకెళ్లి కానుకల పెట్టెలో వేశాను. నూరంతలు కాదు కదా, వేసినంత కూడా తిరిగి రాలేదు. ఆ ఏడాది నా కూతురు కాలేజీకి వెళ్లలేదు. తల్లి పక్కన కూర్చుని పువ్వులు అల్లడం నేర్చుకుంది.

2006లో చికున్‌గున్యా మన రాష్ట్రాన్ని చుట్టేసినప్పుడు తల్లీకూతుళ్లిద్దరూ మంచాన పడ్డారు. జ్వరం తగ్గినా వేళ్ల కణుపులు వాచి, సూది పట్టుకోవడానికి లేకుండా పోయింది. బియ్యం డబ్బా అడుగంటింది. నేను ఉపవాసం ఉండి ప్రార్థించాను. పక్కింటి అమ్మ, తులసికోటకు దణ్ణం పెట్టుకునే మనిషి, రెండు పూటలా జావ కాచి తెచ్చేది. ఒకరోజు లేసు ఏజెంటు వచ్చి, "ఈ లెక్క ఒకసారి సరిచూడండి మాస్టారూ, అమ్మకు కొంత అడ్వాన్సు ఇస్తాను" అని నోటుబుక్కు నా చేతిలో పెట్టాడు. లెక్కలు చూసిన వాణ్ని, అలవాటుగా వరసలు కూడుకుంటూ పోయాను. మా ఇంటికి బియ్యం వచ్చిన నెలలు, బిల్లు కట్టిన నెలలు, చర్చిలో నేను లేచి నిలబడి సాక్ష్యం చెప్పిన నెలలు అన్నీ ఆమె పేరు కింద, ఆమె కూలి అంకెలుగా అక్కడున్నాయి.

దేవుడు పోషించలేదని ఆ రోజు నాకు అనిపించలేదు. ఆయనే పోషించాడు, ఇప్పటికీ అదే చెబుతాను. ఆయన ఇచ్చిన చేతుల్ని నేను సాక్ష్యంలోంచి తుడిచేశాను. ఆ మహిమ దేవుడికి ఇస్తున్నానంటూ, నా విశ్వాసం గొప్పదన్న పేరు మాత్రం నేను తీసుకున్నాను.

తర్వాత బైబిలు మళ్లీ చదివితే ఇంతకాలం దాటవేసిన చోట్లన్నీ కనబడ్డాయి. ఎలీషా దగ్గరికి వచ్చిన విధవరాలు అప్పులపాలై ఉంది. అద్భుతం జరిగింది నిజమే, కానీ ఇరుగుపొరుగు ఇళ్లకు తిరిగి పాత్రలు అడిగి తెచ్చింది ఆమె, నూనె పోసింది ఆమె, అమ్మి అప్పు తీర్చింది ఆమె. మన్నా ఆకాశం నుంచి కురిసినా తెల్లవారి లేచి ఏరుకోక తప్పలేదు. కొరింథులో పౌలు డేరాలు కుట్టాడు. తన ఇంటివాళ్లను పోషించనివాడు అవిశ్వాసి కన్నా చెడ్డవాడని తిమోతికి రాసిందీ ఆ పౌలే. దేవాలయ శిఖరం మీద నుంచి దూకమని, దేవదూతలు పట్టుకుంటారని యేసుకు వాక్యం చూపించింది సాతాను. యేసు దూకలేదు. నేను దూకాను, అది కూడా నా భార్యనూ కూతుర్నీ చెయ్యి పట్టుకుని లాగి మరీ.

నేను కంఠతా పట్టిన మహనీయుల జీవితాలు కూడా సగమే చదివానని తెలిసింది. ముల్లర్ అప్పు ముట్టలేదు. వచ్చిన ప్రతి పెన్నీకి లెక్క రాసి ఏటేటా అచ్చువేసి అందరి ముందూ పెట్టాడు. పిల్లల్ని పనుల్లో చేర్చే బయటికి పంపాడు. మన ఒంగోలులో మిషనరీ జాన్ క్లౌ సంగతి ఇంకా స్పష్టం. 1876-78 కరువులో ఆయన ప్రార్థనతో సరిపెట్టలేదు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి దొరికేలా చేశాడు. అన్నం కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని కరువు పని సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపాడు. కరువు తగ్గాక 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆకలిగొన్నవాడి అన్నంతో తన విశ్వాసాన్ని నిరూపించుకోవాలని ఆయన చూడలేదు. నేను చూశాను.

మిల్లుకు వెళ్లి మళ్లీ పని అడిగాను. ఇచ్చారు. ఒక ఆదివారం సంఘం ముందు నిలబడి, ఇన్నాళ్లూ మీకు చెప్పిన సాక్ష్యాల్లో నా భార్య కష్టాన్ని దాచాను, క్షమించండి అని చెప్పాను. ఇంటికొచ్చాక ఆమెనూ క్షమాపణ అడిగాను. "నేను దేవుడికే అల్లాననుకున్నానండీ" అంది. మా ఇద్దరిలో నిజంగా విశ్వాసంతో బతికిన మనిషి ఎవరో ఆ మాటతో తేలిపోయింది. నా కూతురు ఆలస్యంగానైనా చదువుకుని నర్సు అయింది. పోయిన ఆ ఏడాదిని మాత్రం నేను తిరిగి ఇవ్వలేను.

విశ్వాస జీవితం మొదలుపెట్టాలనుకుంటున్న తమ్ముళ్లూ, మీ పిలుపును నేను శంకించను. ఉద్యోగం మానే ముందు మీ ఇల్లాలితో కూర్చుని మాట్లాడండి. ఆమె అడిగే ప్రశ్నను అవిశ్వాసం అనకండి, దేవుడు ఆమె నోట పలికిస్తున్న హెచ్చరిక కావచ్చు. పిల్లల ఫీజునూ ముసలి తల్లి మందుల డబ్బునూ కానుకగా వెయ్యకండి, అది మీది కాదు. సంఘ కాపరులారా, ఎవరైనా సాక్ష్యం చెప్పడానికి లేచినప్పుడు, ఆ అన్నం ఎవరి చేతుల మీదుగా వచ్చిందో కూడా చెప్పమని అడగండి. ఆ చేతులకు కృతజ్ఞత చెప్పకుండా దేవుడికి చెల్లించే స్తోత్రం అసంపూర్ణం.