తుపాకికి గుర్రం, గర్భిణికి డోలీ

మెషిన్‌గన్ వచ్చింది, ఇక గుర్రం పని అయిపోయిందని లోకమంతా అంటే అశ్వదళం దొరలు ఒప్పుకోలేదు. గుర్రాన్నీ వదలరు, గన్నునూ వదలరు, రెండింటికీ ముడిపెట్టారు. 1916 నుంచి బ్రిటిష్, ఇండియన్ రౌతులకు హాచ్‌కిస్ గన్ ఇచ్చారు. బరువు సుమారు 12 కిలోలు. 30 తూటాలు గుచ్చిన లోహపు పట్టీ దాని మేత. గన్నుకో గుర్రం, తూటాలకో గుర్రం. ఏ పక్క ఎంత బరువు వేస్తే గుర్రం వీపు ఒరుసుకుపోదో కూడా లెక్కగట్టారు. రాజ్యం తలుచుకుంటే రవాణాకు కొదవా!

ఈ ముచ్చట విశాఖ మన్యానికి కొత్త కాదు. జీలుగు కల్లు మీద చిగురుపన్నునూ, కొండ పెత్తందార్లయిన ముఠాదార్ల మీద పీడననూ సాగనిచ్చి, 1879లో రంప పితూరీని చేజేతులా తెచ్చుకున్న సర్కారు, అది గూడెం కొండలకూ పాకగానే ఏం చేసింది? పన్ను సంగతి తర్వాత చూద్దామని ఆరు మద్రాసు పదాతి రెజిమెంట్లను, వాటికి తోడు ఒక గుర్రపు దళాన్ని దించింది. మనిషి పక్కకు ఒదిగి నడవాల్సిన అడవిలో గుర్రం దౌడు తీస్తుందని ఏ మేధావికి తట్టిందో!

1922 నాటికి బుద్ధి పెరగలేదు గానీ సరుకు మారింది. నర్సీపట్నం–లంబసింగి రోడ్డు పనిలో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల కూలి ఎగ్గొట్టాడు. ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు పట్టుకెళ్లింది. పట్టుకెళ్లినదంతా స్టేషన్ రికార్డులో రాసి మరీ వెళ్లింది. తిరుగుబాటుదారు లెక్క రాసిచ్చాడు. కూలి మింగినవాడు రాయలేదు. డిసెంబరు 6న పెదగడ్డపాలెం వరిచేలల్లో సర్కారు జవాబు పేలింది: హాచ్‌కిస్‌కు కాలినడక తోబుట్టువు లూయీస్ గన్. రాజు దళం మూడు స్టేషన్లలో పోగేసిన తూటాలన్నీ దానికి ఐదు నిమిషాల మేత. ఎగ్గొట్టిన కూలి ఇచ్చేస్తే ఎంతయ్యేదో ఎవరూ లెక్కగట్టినట్టు లేదు. ఆ లెక్కకు జీనూ లేదు, గుర్రమూ లేదు.

దొరలు పోయారు, మనం వచ్చాం. విశాఖ బీచ్ రోడ్డుకు వెళ్లి చూడండి. కుర్సురా జలాంతర్గామిని ఇసుక మీదికి లాక్కొచ్చి నిలబెట్టాం. టీయూ-142 యుద్ధవిమానాన్ని విప్పి, తరలించి, మళ్లీ బిగించి టికెట్టు పెట్టాం. రెండూ భేషుగ్గా ఉన్నాయి. ఎదురుగా ఆర్కే బీచ్‌లో పిల్లలు గుర్రం ఎక్కి ఫొటో దిగుతుంటారు. అదే గుర్రం మన్యంలో కొన్ని గూడేలకు రేషన్ బియ్యం మోస్తోంది, రోడ్డు లేక. నొప్పులొచ్చిన ఆడకూతురిని కర్రకు దుప్పటి కట్టి, ఇద్దరు భుజాన వేసుకుని వాగులు దాటిస్తున్నారు. సముద్రంలోని జలాంతర్గామికి ఒడ్డెక్కే దారి దొరికింది. అదే విశాఖ మన్యంలో కొండ మీది గర్భిణికి దిగే దారి దొరకలేదు.

అలాగని సర్కారుకు రోడ్లు వేయడం రాదనుకుంటే తప్పు. తీవ్రవాద ప్రాంతాలకంటూ 2016లో ప్రత్యేకంగా రోడ్ల పథకమే తెచ్చింది. కాబట్టి గూడేల పెద్దలకు ఒక ఉచిత సలహా. అర్జీలు, ధర్నాలు, కలెక్టరేట్ల చుట్టూ ప్రదక్షిణలు కట్టిపెట్టండి. మీ కొండ మీద ఎవరో ఒక పాత హాచ్‌కిస్ దాచారని పుకారు పుట్టించండి. కంకర లారీ మీకంటే ముందే ఎక్కుతుంది.