నీళ్లలో మునిగి చచ్చిన చేప

మా తమ్ముడి పికప్పు అరవై క్రేట్ల టమాటాలతో మదనపల్లె మండీలో బయల్దేరి, పుంగనూరు దాటిన కాసేపటికి రోడ్డు పక్కన ఆగిపోయింది. ముందు ఎత్తు లాగలేదు, తర్వాత రెండు దగ్గులు దగ్గింది, ఆపైన నోరు మూసుకుంది. వాడు సెల్ఫు కొట్టాడు. ఎన్నిసార్లని అడక్కండి, బ్యాటరీ దండం పెట్టేదాకా కొట్టాడు. ఎయిర్ లాకేమోనని ఫిల్టరు దగ్గరి ప్రైమరు నొక్కాడు. అటుగా పోతున్న లారీ డ్రైవరొకాయన దిగి, తన వంతుగా తనూ నొక్కాడు. లోడును వేరే బండికి మార్చేసరికి అడుగు వరస క్రేట్ల నుంచి రసం కారి రోడ్డు మీద ఈగలు ముసిరాయి.

బండిని లాగించుకుపోయి కంపెనీ సర్వీసు సెంటరులో పెట్టాం. మీటరు 96 వేల కిలోమీటర్లు చూపిస్తోంది. వారంటీ 1 లక్ష దాకా. దేవుడున్నాడనుకున్నాం. ఉన్నాడు గానీ, టై కట్టుకుని అవతలి పక్షాన ఉన్నాడు.

అడ్వైజరు బాబు ఒక కుర్రాణ్ణి పిలిచి, ఫిల్టరులోంచి తాగునీళ్ల సీసాలోకి కాస్త డీజిలు దింపించాడు. సీసాను ఎండకేసి పట్టి, ఒక కన్ను మూసి, రెండో కన్ను చిట్లించాడు. "డీజిలు కల్తీ సార్, హై ప్రెషరు పంపు పోయింది. వారంటీ రాదు." ఐదు సెకన్లు పట్టింది. స్కానరు ఇంకా పెట్టెలోంచి బయటికి రాలేదు.

ఈ విద్య సామాన్యమైంది కాదు. డీజిలుకు జిడ్డుతనం చాలినంత ఉందా లేదా తేల్చడానికి ల్యాబుల్లో ఒక పరీక్ష చేస్తారు. 60 డిగ్రీల వేడిలో ఉంచిన డీజిల్లో ఉక్కు గుండును ఉక్కు బిళ్ల మీద 75 నిమిషాలు రుద్ది, గుండు మీద పడ్డ గీరును మైక్రోస్కోపు కింద కొలుస్తారు. మన ప్రమాణం ప్రకారం అది 460 మైక్రాన్లు దాటకూడదు. ఆ గుండూ బిళ్లా మైక్రోస్కోపూ మూడూ మా బాబు ఎడమ కంట్లో ఉన్నాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టమేమో, పరీక్ష చేస్తే తప్ప తేలని లోపమైతే నమూనా సీలు వేసి ల్యాబుకు పంపమంటుంది. చట్టం రాసినవాళ్లకు ఇలాంటి కన్నొకటి ఉందని తెలిసినట్టు లేదు.

"నీళ్లు కలిశాయా?" అని అడిగాను.

"అదే అయ్యుంటుంది సార్."

"నీళ్లుంటే మీటరులో లైటు వెలగాలి కదా? వెలగలేదే!"

"సెన్సరు పోయుంటుంది సార్."

"పోనీ, సెన్సరైనా వారంటీలో వస్తుందా?"

"రాద్సార్. అది కూడా కల్తీ డీజిలు వల్లే పోయింది."

తమాషా ఏమిటంటే, ఈ హై ప్రెషరు పంపుకు వేరే ఆయిలంటూ ఉండదు. వెనకటి లారీల్లో వరసగా నాలుగో ఆరో గొట్టాలుండే పంపుకు ఇంజనాయిలు అందేది. ఇప్పటి కామన్ రైలు పంపు డీజిలును 1,600 బార్లు, 2,000 బార్లు దాకా నొక్కుతుంది, లోపల రాసుకునే భాగాలకు మళ్లీ ఆ డీజిలే జిడ్డు. తిండీ అదే, తలకు నూనే అదే. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చినప్పుడు డీజిల్లో గంధకం పది లక్షలకు 50 పాళ్ల నుంచి 10 పాళ్లకు దిగింది. గాలికి మంచిదే. కానీ గంధకం తీసే పనిలో సహజమైన జిడ్డూ పోతుంది కాబట్టి రిఫైనరీలు దానికి మందు కలుపుతాయి. ఇదంతా పంపు గీసినవాళ్లకు ముందే తెలుసు. అయినా డీజిల్లో పుట్టి డీజిల్లోనే బతకాల్సిన పంపు చస్తే డీజిలే చంపిందంటారు. చేప నీళ్లలో మునిగి చచ్చిందని పంచనామా రాసినట్టుంది.

మన దేశంలోనే ఇంత అన్యాయమని గుండెలు బాదుకోనక్కర్లేదు. అమెరికాలో 2019, 2020 మోడల్ ర్యామ్ పికప్పుల్లో సీపీ4 అనే పంపు పెట్టారు. 2021లో 2 లక్షల 20 వేలకు పైగా బండ్లను వెనక్కి పిలిచి, పాత రకం సీపీ3 బిగించారు. దేశంలోని డీజిలంతా ఏమీ మారలేదు, పంపే మారింది. ఈ ముక్క చెబితే మా బాబు, "అది అమెరికా సార్," అన్నాడు. అక్కడి ప్రమాణం 520 మైక్రాన్లు, అంటే మనకంటే పొడి డీజిలును ఒప్పుకుంటారని చెప్పబోయి ఊరుకున్నాను.

తర్వాత బంకుకు పోయాం. వాళ్లు సాంద్రత రిజిస్టరు తెరిచి చూపించారు. అంకెలన్నీ 810కీ 845కీ మధ్య బుద్ధిగా కూర్చున్నాయి. "మా డీజిలు బంగారం, మీ టాంకీలోనే నీళ్లుంటాయి" అన్నారు. టీకొట్టు దగ్గర ఒక మామ, ప్రతి టాంకీకీ వంద మిల్లీలీటర్ల టూటీ ఆయిలు కలిపి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదన్నాడు. ఇంకొకాయన, కొన్నరోజు టైరు కింద నిమ్మకాయలు పెట్టారా అని విచారించాడు. తప్పు ఎవరిదైనా మా తమ్ముడి మీదుగానే పోవాలి. సరే, వాడి తప్పూ కొంత లేకపోలేదు. టాంకీ ఎండేదాకా నడపడం వాడికి అలవాటు. కానీ ఫిల్టరు మాత్రం ప్రతిసారీ ఇదే సర్వీసు సెంటరులో మార్పించాడు, బిల్లులున్నాయి. ఆ బిల్లులు చూపిస్తే బాబు వాటిని కూడా ఎండకేసి పట్టాడు.

ఎస్టిమేటు ఒక లక్షా ఎనభై వేలయింది. పంపు, రైలు, నాలుగు ఇంజెక్టర్లు, పైపులు, టాంకీ కడుగుడు. ఇందులో అబద్ధం లేదు. పంపు అరిగితే లోపలి ఉక్కు పొడి రైలుకూ ఇంజెక్టర్లకూ పాకుతుంది, రిటర్ను గొట్టంలోంచి టాంకీలోకీ చేరుతుంది. రోగం గురించి అంత చక్కగా చెప్పగలిగినవాడు కారణం దగ్గరికొచ్చేసరికి సీసా ఎత్తుతాడు.

ఆఖరికి బండిని టౌన్లోని డీజిలు షెడ్డులో వేశాం. మేస్త్రి ముందు ఫిల్టరూ, తక్కువ ప్రెషరు లైనూ చూసి, తర్వాతే పంపు విప్పాడు. వేలు లోపలికి పెట్టి తీస్తే గోరంచున వెండి రంగు పొడి మెరిసింది. "డీజిలు చెడ్డదా, పంపు చెడ్డదా?" అని ఆత్రంగా అడిగాను. వేలు పాత గుడ్డకు తుడుచుకుంటూ, "ఇది చూసి ఎట్ల చెప్తామన్నా?" అన్నాడు. ముప్పై ఏళ్ల అనుభవముండీ ఆ మాట! ఇలాగే ఉంటే ఈయనకు సర్వీసు సెంటరులో ఉద్యోగమెవరిస్తారు?

సీసా నేనే తెచ్చుకున్నాను. సంతకం పెట్టమంటే మా బాబు పెట్టలేదు, సీసా మాత్రం ధారాళంగా ఇచ్చాడు. ల్యాబుకు పంపుదామని వరండాలో పెట్టుంచితే, మొన్న మా అమ్మ దాన్ని తీసుకెళ్లి తలుపు ద్వారబంధానికి పట్టిన చెదల మీద పోసేసింది.

చెదలు చావలేదు. అప్పటి నుంచి మా తమ్ముడు నా వైపు అదోలా చూస్తున్నాడు.