వణికే చేతి గ్లాసు

మనిషి తాగాడో లేదో పదిమందీ నోటి వాసన చూసి చెబుతారు. నేను చేతిని బట్టి చెబుతాను. నన్ను పట్టుకున్న వేళ్లు ఎంత బిగుసుకున్నాయి, నాలోని టీ అంచు దాటి ఎంత ఒలికింది, రెండో చెయ్యి సాయం వచ్చిందా లేదా, ఇంత తెలిస్తే చాలు. ఊరికి దూరంగా మామిడితోట పక్కన ఉన్న ఈ వ్యసన విముక్తి కేంద్రంలో కొత్తగా చేరినవాళ్లు ముందుగా పట్టుకునేది నన్నే. గాజు సామాను ఇక్కడికి రానివ్వరు. కోసుకుంటారని భయం.

నేను స్టీలు గ్లాసును. అరలీటరు మజ్జిగ పట్టే పెద్ద గ్లాసును. నెల్లూరు జిల్లాలో ఒక పెళ్లికి బిందెలు, గంగాళం, పళ్లాలతో కలిసి సారెలో అత్తింటికి వెళ్లాను. సామాన్ల కొట్టువాడు మిషనుతో నా అంచు కింద పెళ్లికూతురి పేరు చుక్కలు చుక్కలుగా కొట్టి ఇచ్చాడు. ఆ పేరు మీకు చెప్పను. ఇక్కడ విన్నది గేటు దాటకూడదని కేంద్రంలో నియమం. దాన్ని నేనూ పాటిస్తాను.

అది 1992. జిల్లా అంతా ఆడవాళ్ల మాటే నడుస్తోంది. రాత్రిపూట చదువుల తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు, తమ కూలి డబ్బులు ఎక్కడికి పోతున్నాయో లెక్క వేసుకుని, సారా దుకాణాల మీదికి నడిచారు. దూబగుంట ఊరి పేరు, అక్కడి రోశమ్మ పేరు పత్రికల్లోకెక్కాయి. మా ఇల్లాలు కూడా పుట్టింట్లో ఉండగా చీపురు చేతబట్టి ఆ ఊరేగింపుల్లో నడిచిన మనిషే. మరుసటి ఏడాది రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. సారా ప్యాకెట్ పోయిన చోటికి బ్రాందీ క్వార్టర్ వచ్చింది. పెళ్లినాడు చుక్క ముట్టని మా ఇంటాయన నాలో బ్రాందీ పోసుకున్నది అప్పుడే.

ఆయన తాపీమేస్త్రీ. గుండు వేలాడదీసి గోడ నిలువు చూస్తే వెంట్రుక వాసి కూడా తేడా ఉండేది కాదు. పనుల కోసం హైదరాబాదు చేరారు. శనివారం కూలి చేతికొచ్చే రోజు, ఆ సాయంత్రమే తాగుడు. తర్వాత రోజూ సాయంత్రం. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటే మండలం రోజులు చుక్క ముట్టేవాడు కాడు. “ఆయన తలుచుకుంటే మానగలడు, కావాలనే మానడం లేదు” అని చుట్టాలు అనుకోవడానికి ఆ నలభై ఒక్క రోజులే సాక్ష్యం. మాల తీసిన రాత్రి ఏం జరిగేదో నాకు తెలుసు. ఇంకొన్నేళ్లకు మాల వేసుకోవడం కూడా మానేశాడు, ఎందుకంటే పొద్దున్నే కొంచెం గొంతులో పడకపోతే చెయ్యి నిలిచేది కాదు. తాపీలో సిమెంటు జారిపోయేది. పళ్లు తోమకముందే నన్ను వెతుక్కునే రోజులొచ్చాయి. వ్యసనం ఏ రోజు మొదలైందో ఎవరూ చెప్పలేరు గానీ, అది జబ్బుగా ముదిరిందని చెప్పే గుర్తు ఈ పొద్దుటి గుక్కే.

ఒక సంగతి చెప్పడానికి నాకే కష్టంగా ఉంది. బస్టాండు గోడ మీద కాగితం చూసి మా ఇల్లాలు ఒక పొడి తెప్పించింది. “తాగేవారికి తెలియకుండా అన్నంలో కలపండి” అని రాసి ఉంది దాని మీద. మజ్జిగలో కలిపింది. అంటే నాలో కలిపింది. ఆ సాయంత్రం ఆయన మామూలుగా తాగాడు. కాసేపటికి ముఖం కందిపోయింది, గుండె దడదడలాడింది, వాంతులతో నేల మీద పడిపోయాడు. బతికాడు. ఆ లక్షణాలు విని ఇక్కడి డాక్టరమ్మ, అందులో డైసల్ఫిరామ్ ఉండి ఉంటుందంది. అది ఒంట్లో ఉండగా మద్యం పడితే అసిటాల్డిహైడ్ అనే విషం పేరుకుపోతుందట. తెలిసి, ఒప్పుకుని, గుండె, కాలేయం పరీక్షలు చేయించుకుని వేసుకునేవాళ్లకు అది మందే. దొంగచాటుగా పెడితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ గోడ కాగితాలు ఇప్పటికీ ఊరూరా అంటిస్తూనే ఉన్నారు. నాకు కోపం వచ్చే విషయాల్లో అది మొదటిది.

రెండోది గ్లూకోజు బాటిల్. ఆయన ఒకరోజు పిల్లవాడి మీద ఒట్టేసి ఒక్కసారిగా మానేశాడు. ఇంటిల్లిపాదీ సంతోషించారు. మర్నాటికి ఒళ్లంతా చెమట, వణుకు. వీధి చివరి ఆర్‌ఎంపీ వచ్చి “నీరసం” అని గ్లూకోజు ఎక్కించాడు. ఏళ్ల తరబడి తాగినవాళ్ల ఒంట్లో బి1 విటమిన్ అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా ముందు గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకే ఇక్కడ బి1 సూదిమందు ముందు, గ్లూకోజు తర్వాత. ఆ రాత్రి ఆయనకు ఫిట్స్ వచ్చాయి. పెద్దాసుపత్రికి, అక్కడి నుంచి ఈ కేంద్రానికి చేరాడు. ఎవరి పళ్లెం, గ్లాసు వాళ్లే తెచ్చుకోవాలంటే ఇల్లాలు చేతికందిన నన్ను సంచిలో పడేసింది. గేటు దగ్గర ఆ సంచి విప్పి బెల్టు, బ్లేడు, సెల్‌ఫోను, దగ్గు సిరప్పు, షేవింగ్ లోషను పక్కన పెట్టేశారు. నన్ను లోపలికి వదిలారు.

మానిన తర్వాత గంటల లెక్క ఇక్కడే విన్నాను. చివరి గుక్క పడిన ఆరేడు గంటలకు వణుకు. రెండు రోజుల్లోపు ఫిట్స్ వచ్చే ముప్పు. రెండో రోజు దాటాక, మూడు నాలుగు రోజుల మధ్య, కొందరికి మతి తప్పడం: గోడ మీద పాములు పాకుతున్నాయంటారు, లేని మనుషులతో తగవుపడతారు, జ్వరం పెరుగుతుంది. మద్యం ఏళ్లపాటు మెదడును నెమ్మది చేస్తుంటే, మెదడు దానికి పోటీగా తన వేగం పెంచుకుంటూ వస్తుంది. మద్యం ఉన్నట్టుండి ఆగితే ఆ వేగం మాత్రం అలాగే మిగిలిపోతుంది. దాన్ని మెల్లగా దించడానికే మాత్రలు, అవీ రోజురోజుకీ తగ్గిస్తూ. ఆ మొదటి రాత్రుల్లో నర్సు నన్ను సగమే నింపేది. ఆయన రెండు చేతులా పట్టుకున్నా నా అంచు ఆయన పళ్లకు తగిలి టకటకలాడేది. “సిగ్గుపడకు అన్నా, ఇది జబ్బు వణుకు” అనేది. ఇన్నేళ్లలో ఆయన వణుకుని జబ్బు అన్న మొదటి మనిషి ఆమె.

చెయ్యి నిలిచింది. అన్నం సయించింది. అప్పుడు ఆయన అందరూ అనే మాటే అన్నాడు: “ఒంట్లోంచి మందు పోయింది కదా, ఇంటికి పంపండి.” చికిత్స మొదలయ్యేది అక్కడే అని ఇక్కడివాళ్లు చెబుతారు. నేను చూసినంతలో వాళ్లదే నిజం. మందు పోయిన చోట ఏమీ మిగలదు. సాయంత్రం ఆరింటికి ఏం చెయ్యాలో తెలియదు. నిద్ర పట్టదు, వారాల తరబడి పట్టదు. తీపి మీదికి యావ పోతుంది. టీలో నాలుగు చెంచాల పంచదార అడుగుతారు. ఎవరైనా మంచి మాటంటే ఏడుస్తారు, చిన్నమాటకు కొట్టడానికి లేస్తారు. అందుకే ఇక్కడ పొద్దున యోగా, తర్వాత టిఫిను, మాత్రలు, ఆ తర్వాత గుండ్రంగా కుర్చీలు వేసుకుని మాట్లాడుకోవడం, మధ్యాహ్నం తోటపని, సాయంత్రం వాలీబాల్, పడుకునే ముందు రోజు ఎలా గడిచిందో నోటుబుక్కులో రాయడం. రోజుకు ఒక రూపం ఇస్తారు. యోగాతోనే తాగుడు పోతుందని చెప్పేవాళ్లను నేను నమ్మను. కానీ ఊపిరి మీద మనసు పెట్టడం నేర్చుకున్నవాడు ఆ రాత్రి కాస్త తొందరగా నిద్రపోవడం చూశాను.

ఇంకో చోటి నుంచి ఇక్కడికొచ్చిన ఒకతని చీలమండల మీద మచ్చలున్నాయి. అక్కడ గొలుసులు వేసేవాళ్లట, అరిస్తే కొట్టేవాళ్లట. 2001లో తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మానసిక రోగులు నిప్పంటుకుని పారిపోలేక చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాలను కూడా తన పరిధిలోకి తెచ్చింది. అయినా ఆ మచ్చలు ఈ మధ్యవే. కొట్టి మాన్పించాలనే మాట ఎక్కడ విన్నా నాకు ఆ చీలమండలే కనబడతాయి.

మా కౌన్సెలర్ ఒకప్పుడు తాగినవాడే. చెన్నైలో శాంతి రంగనాథన్ భర్తను తాగుడు జబ్బుకు పోగొట్టుకుని, 1980లో టీటీకే ఆసుపత్రి పెట్టిన సంగతి, 1992లో ఆమెకు పద్మశ్రీ వచ్చిన సంగతి ఆయనే చెప్పాడు. భర్త పోయిన ఇల్లాలు ఆసుపత్రి పెట్టింది కాబట్టి కుటుంబాన్ని పక్కన పెట్టి వైద్యం చెయ్యకూడదన్న పట్టు ఈ రంగంలో బలపడిందని ఆయన నమ్మకం. 1935లో అమెరికాలోని యాక్రన్ ఊళ్లో ఒక షేర్ల వ్యాపారి, ఒక డాక్టరు, ఇద్దరూ తాగుబోతులే, కూర్చుని మాట్లాడుకోవడంతో ఏఏ, అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, పుట్టిందని కూడా చెబుతాడు. ఇక్కడా ఏఏ మీటింగ్ జరుగుతుంది. ఇంటిపేరు అడగరు. జీవితాంతం తాగనని ఎవరూ ఒట్టు వెయ్యరు. ఈ ఒక్క రోజు తాగనంటారు. పిల్లవాడి మీద ఒట్టేసి ఓడిపోయిన మనిషికి ఆ ఒక్క రోజు ఎంత ఊరటో నన్ను పట్టుకున్న వేళ్లు చెప్పాయి.

ఒక మధ్యాహ్నం ఇంటి నుంచి ఉత్తరాలు వచ్చాయి. అందరి ముందూ చదవాలి. కొడుకు రాసింది చదివాడు ఆయన: “నాన్నా, స్కూల్లో మీటింగ్ ఉందని నీకు చెప్పలేదు. అమ్మకి కూడా చెప్పొద్దన్నాను. నువ్వు వస్తావేమోనని.” అంతే ఉంది. టీ చల్లారిపోయింది. ఎవరూ ఓదార్చలేదు, ఓదార్చకూడదని కౌన్సెలర్ ముందే చెప్పాడు. పక్కనున్న ముసలాయన మాత్రం నన్ను ఆయన చేతిలోంచి తీసుకుని, వేడి టీ పోయించి తెచ్చి ఇచ్చాడు.

ఆదివారాలు ఇంటివాళ్ల తరగతి. మొదటిసారి మా ఇల్లాలు భర్త లెక్క పొల్లుపోకుండా అప్పజెప్పింది: ఎక్కడ పడిపోయాడు, ఎంత అప్పు, ఎవరితో గొడవ. “మీరు రాత్రి ఎన్నింటికి తింటారమ్మా?” అనడిగింది ఆ తరగతి కౌన్సెలర్ మేడమ్. ఆమె దగ్గర జవాబు లేదు. ఆయన వచ్చేదాకా తినదు, వచ్చాక తినలేదు. బీపీ ఉందని ఆ రోజే తేలింది. మాత్రలు, పడక, పథ్యం అన్నీ ఆయనకే దొరికాయి. ఇన్నేళ్ల జబ్బు ఇద్దరిదీ.

పంపించే ముందు ఆయన వంటింటి గట్టుకు సిమెంటు పని చేశాడు. ఎవరూ చెయ్యమనలేదు. గుండు వేలాడదీసి, ఒక కన్ను మూసి చూసి, “నిలిచింది” అన్నాడు. గట్టు సంగతో చేతి సంగతో. నన్ను మాత్రం వెంట తీసుకెళ్లలేదు. తాగుడు గుర్తుచేసే వస్తువులు ఇంట్లో ఉంచుకోవద్దని ఇక్కడ చెబుతారు. నన్ను చూస్తే బ్రాందీ గుర్తొస్తుందన్నాడు. నిజమే. కొత్తగా వచ్చేవాళ్లకు పనికొస్తుందని నర్సు నన్ను అలమరలో పెట్టింది.

ఆ తర్వాత నాకు అన్ని రకాల చేతులూ తెలిశాయి. గంజాయి కుర్రాడు నన్ను తిప్పుతూ కూర్చునేవాడు, తాగేవాడు కాదు. తెలంగాణ పల్లె నుంచి ఒకతను వచ్చాడు. తాను తాగింది కల్లేనని, కల్లుకు వ్యసనమేమిటని వాదించాడు. అతను తాగిన దాంట్లో చెట్టు కల్లు ఎంతో గానీ అల్ప్రాజొలామ్ పొడి మాత్రం ఉంది. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి అతనిలాంటివాళ్లు పోటెత్తారు, ఫిట్స్‌తో, వంకరపోయిన మాటలతో. వణుకు తగ్గించే మాత్ర, ఆ కల్తీ పొడి ఒకే కుటుంబానికి చెందిన మందులని విని అతను తెల్లబోయాడు. తేడా కొలతలో ఉంది, దించే పద్ధతిలో ఉంది. ఆడవాళ్లూ ఆ కల్లు తాగుతారు. వాళ్లకు పడక దొరికే కేంద్రాలు బహు తక్కువ. ఢిల్లీ ఎయిమ్స్ చేసిన, 2019లో బయటికొచ్చిన దేశవ్యాప్త సర్వేలో తేలింది వినండి: మద్యానికి బానిసైన 38 మందిలో ఒకరికే ఏదో ఒక చికిత్స అందింది, ఆసుపత్రిలో చేరి వైద్యం చేయించుకున్నది 180 మందిలో ఒకరు. మిగతా 179 మంది చేతుల్లో ఏ గ్లాసులున్నాయో అని నాకు దిగులు.

మా ఇంటాయన మళ్లీ వచ్చాడు. అన్న చనిపోయినప్పుడు శ్మశానం నుంచి తిరిగొస్తూ తాగాడట. తిట్టలేదెవరూ. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింట్లో ఆ రోజు ఏవి ఉన్నాయని అడిగారు. నాలుగూ ఉన్నాయన్నాడు. ఈసారి ఆయన తాగిన మర్నాడే ఇల్లాలు తీసుకొచ్చింది, ఒట్టు అడగలేదు, పొడి కొనలేదు. యావ తగ్గించే నాల్ట్రెక్సోన్ మాత్రలతో ఇంటికి వెళ్లాడు. ఏఏ మీటింగుకు ఇప్పటికీ వస్తున్నాడు. మీటింగులో నాలోనే టీ తాగుతాడు, ఒంటి చేత్తో.

మొన్న ఆదివారం గేటు దగ్గర ఒక పిల్ల నిలబడి ఉంది, ఇరవై అయిదు దాటవు. లోపల మొగుడు నన్ను రెండు చేతులా పట్టుకుని నీళ్లు తాగలేక అవస్థ పడుతున్నాడు. మా ఇల్లాలు తరగతి అయిపోయి బయటికొస్తూ ఆ పిల్లను చూసింది. అడక్కుండానే సంచిలోంచి కాగితం పొట్లం తీసి చూపించింది ఆ పిల్ల. “ఇది అన్నంలో కలిపితే మానతాడంట గదక్కా?”

“ఆ పొడి ఇటివ్వమ్మా, డాక్టరమ్మకు చూపిద్దాం. నిన్న ఆయన చివరిసారి ఎన్ని గంటలకు తాగాడో గుర్తు చేసుకో. ఆమె ముందుగా అడిగేది అదే. నువ్వు పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా?”